కాలనీకీ వయసొస్తుంది

కాలనీ వయసెంతో తెలియాలంటే శిలాఫలకమే చూడక్కర్లేదు. గుమ్మం ముందు చెప్పులు చూస్తే చాలు. చిన్నవీ పెద్దవీ గుట్టగా పడి ఉన్నాయంటే పిల్లలింకా చదువుల్లో ఉన్నట్టు. రెండే జతలుంటే వాళ్లు రెక్కలొచ్చి ఎగిరిపోయినట్టు. ఒక్క జతే ఉంటే... చెప్పేదేముంది!

హైదరాబాద్‌లో కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీనే తీసుకోండి. 1980ల్లో అది నగరానికి ఓ చివర. ఎల్ఐజీ, ఎంఐజీ, హెచ్ఐజీ అంటూ ఇళ్లను ఆదాయాన్ని బట్టి విడదీశారు. వయసుల సంగతి ఎవరూ పట్టించుకోలేదు. వాయిదాలు కట్టుకుంటూ సొంతిల్లు అమర్చుకునేది ఎక్కువగా ఒక ఈడువాళ్లే కదా... ఉద్యోగం కుదురుకుని, ఒకరిద్దరు పిల్లలున్నవాళ్లు. ఒకేసారి వచ్చినవాళ్లు ఒకేసారి పెద్దవాళ్లవుతారు. వీధంతా కొన్నేళ్లు పుట్టినరోజులు, కొన్నేళ్లు ఎంసెట్ కబుర్లు, ఆపైన పెళ్లి పందిళ్లు. ఇప్పుడు మోకాళ్ల నొప్పులు.

పల్లెలో అయితే ఒక ఇంట్లో ఉయ్యాల, పక్కింట్లో పెళ్లి, ఎదురింట్లో మంచం పట్టిన తాత. ఒకరి ఖాళీని మరొకరు పూడ్చేవారు. పైగా అప్పట్లో ఇంటికి నలుగురైదుగురు పిల్లలు. ఎవరో ఒకరు ఊళ్లోనే మిగిలేవారు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 1992-93లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఒక్కో మహిళకు సగటున 2.6 మంది పిల్లలు. 2019-21 నాటికి తెలంగాణలో అది 1.8. ఇద్దరిలో ఒకరు అమెరికా వెళితే సగం ఇల్లు వెళ్లినట్టే!

1998లో సైబర్ టవర్స్ మొదలైంది. 2017లో మెట్రో వచ్చింది. కాలనీ మళ్లీ కుర్రకారుతో, హాస్టళ్లతో కళకళలాడింది. పైవాటాలో ముగ్గురు సాఫ్ట్‌వేర్ కుర్రాళ్లు, కింద మామ్మగారు ఒక్కరే. తలలు లెక్కపెడితే అప్పుడూ నలుగురే, ఇప్పుడూ నలుగురే. అయితే రాత్రి ఆమెకు నలతగా ఉంటే తలుపు తట్టేంత చనువు ఉందా అన్నదే ప్రశ్న.

'ఇల్లు అమ్మేసి మా దగ్గరికి వచ్చేయండి' అంటారు పిల్లలు. 'పాలబ్బాయి నుంచి మందుల షాపు దాకా అంతా తెలిసినవాళ్లే, ఎక్కడికొస్తాం?' అంటారు పెద్దలు. ఇద్దరి మాటా నిజమే. కాకపోతే తెలిసిన ఇరుగుపొరుగుదీ అదే వయసు. ఒక్కొక్కరే తగ్గిపోతుంటారు. అందుకే ఈ నిర్ణయం దంపతులిద్దరూ ఓపికగా ఉన్నప్పుడే తీసుకోవాలి. ఉండిపోదామనుకుంటే పడక కిందికి మార్చుకోవాలి, స్నానాలగదిలో పట్టుకోవడానికి కడ్డీ బిగించుకోవాలి. పైవాటా ఇచ్చేటప్పుడు అద్దె ఒక వెయ్యి తగ్గినా, పలకరించే మనుషులను చూసుకోవాలి.

నేడు తెల్లాపూర్, కొల్లూరుల్లో ఫ్లాట్లు కొంటున్న యువ దంపతులకూ ముప్ఫై ఏళ్ల తర్వాత ఇదే వరస. పిల్లల ఈతకొలను చూసి మురిసిపోవడం సరే, లిఫ్టు ఆగిపోతే పెద్దవాళ్లు ఎలా దిగుతారో కూడా అడగండి.

పాత కాలనీలవాళ్లు మాత్రం వచ్చే సంక్షేమ సంఘం సమావేశంలో రోడ్లు, డ్రైనేజీ కంటే ముందు ఒక్క లెక్క తీయండి. మన వీధిలో ఒంటరిగా ఉంటున్నవారెందరు? వాళ్లింటి రెండో తాళంచెవి ఎవరి దగ్గరుంది?