టూల్ కొనిచ్చారు సరే, వాడటం ఎవరు నేర్పాలి?

ఫోన్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి బిల్డ్ నంబర్ మీద ఏడుసార్లు నొక్కడం, డెవలపర్ ఆప్షన్స్ ఆన్ చేయడం ఈ సైట్ చదివేవాళ్లలో చాలామంది చేసే ఉంటారు. ఫోన్ ఫాస్ట్‌గా అనిపించాలని యానిమేషన్ స్కేల్ 0.5కి తగ్గించుకుని బయటికి వచ్చేస్తాం. అదే లిస్టులో యూఎస్‌బీ డీబగ్గింగ్ అనే ఆప్షన్ కూడా ఉంటుంది. వెబ్‌సైట్లు తయారుచేసేవాళ్లకి దాంతో ఏం పని అని నా ఉద్యోగం మొదటి ఏడాదిలో ఎవరైనా అడిగి ఉంటే నేను తెల్లముఖం వేసేవాణ్ణి. మా టీమ్‌లో మిగతావాళ్ల పరిస్థితి కూడా అంతే. అందరం వెబ్ డెవలపర్లమే!

హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ కంపెనీలు టూల్స్ కోసం బాగానే ఖర్చు పెడుతున్నాయి. మంచి ల్యాప్‌టాప్ ఇస్తారు, డిజైన్ టూల్ లైసెన్స్ ఇస్తారు, ఈమధ్య ఏఐ అసిస్టెంట్ సబ్‌స్క్రిప్షన్ కూడా ఇస్తున్నారు. వాటిని వాడటం నేర్పడానికి మాత్రం టైమ్ ఇవ్వరు. "నువ్వే చూసి నేర్చుకో" అంటారు. నా అభిప్రాయంలో దీనివల్ల జరిగే నష్టం లైసెన్స్ ఖర్చు కంటే చాలా ఎక్కువ. ఆ నష్టాన్ని చివరికి మోసేది కొత్తగా చేరిన జూనియర్లు, చవక ఫోన్ వాడే కస్టమర్లు.

అమ్మ ఫోన్‌లో రెండు ఆర్డర్లు

మేం చేసిన ఒక ఆర్డరింగ్ సైట్ ఆఫీసులో అద్భుతంగా నడిచేది. ఫైబర్ నెట్, 16 జీబీ ర్యామ్ ల్యాప్‌టాప్ మీద ఏదైనా అద్భుతంగానే నడుస్తుంది కదా. ఒక ఆదివారం మూసారాంబాగ్‌లో మా ఇంట్లో అమ్మ ఫోన్‌లో ఓపెన్ చేశాను. 4 జీబీ ర్యామ్, మూడేళ్ల కిందటి ఫోన్. అమ్మ ఆర్డర్ బటన్ నొక్కింది. ఏమీ కాలేదు. "ఇది పనిచెయ్యట్లేదురా" అంటూ మళ్లీ నొక్కింది. కాసేపటికి రెండు ఆర్డర్లు పడ్డాయి.

మర్నాడు ఆఫీసులో చెబితే అందరూ సర్వర్ మీద అనుమానపడ్డారు. మూడు రోజులు కోడ్‌లో అక్కడక్కడా లాగ్‌లు పెట్టి చూశాం. సర్వర్ బానే ఉంది. నాలుగో రోజు పక్క టీమ్ టెస్టర్ ఒకాయన వచ్చి, "కేబుల్ ఉందా? ఫోన్ ఇటివ్వు" అన్నారు. యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆన్ చేసి ఫోన్‌ని ల్యాప్‌టాప్‌కి కలిపారు. క్రోమ్‌లో ఇన్‌స్పెక్ట్ పేజీ తెరిస్తే ఫోన్‌లో ఉన్న ట్యాబ్ ల్యాప్‌టాప్‌లో ప్రత్యక్షమైంది. పర్ఫార్మెన్స్ ప్యానెల్‌లో రికార్డ్ నొక్కి, ఫోన్‌లో ఆర్డర్ బటన్ నొక్కారు.

సమస్య కళ్లముందే కనిపించింది. సైట్‌లో పెట్టిన చాట్ విడ్జెట్ స్క్రిప్ట్ బ్రౌజర్ మెయిన్ థ్రెడ్‌ని సెకన్ల తరబడి ఆక్రమించేస్తోంది. పేజీ గీయడం, మన నొక్కుడికి స్పందించడం అన్నీ ఆ ఒక్క థ్రెడ్ మీదే జరగాలి. అది ఖాళీ అయ్యేదాకా బటన్ నొక్కినా బ్రౌజర్ పట్టించుకోలేదు. విడ్జెట్‌ని పేజీ లోడ్ అయ్యాక, అది కూడా యూజర్ చాట్ ఐకాన్ నొక్కితేనే తెచ్చేలా మార్చాం. ఒకే ఆర్డర్ రెండుసార్లు పడకుండా సర్వర్‌లో చెక్ కూడా పెట్టాం. కారణం పట్టుకోవడానికి పట్టింది అరగంట. ఆ ప్యానెల్ మా అందరి క్రోమ్‌లో మొదటినుంచీ ఉంది, ఉచితంగా!

ఇది కొలవడానికి లెక్కలు కూడా ఉన్నాయి. నొక్కిన తర్వాత పేజీ ఎంతసేపటికి స్పందించిందో చెప్పే ఐఎన్‌పీ అనే కొలతను గూగుల్ 2024 మార్చిలో కోర్ వెబ్ వైటల్స్‌లో చేర్చింది. 200 మిల్లీసెకన్ల లోపు అయితే బాగున్నట్టు, 500 దాటితే బాగోలేనట్టు. పేజీలో పెద్ద భాగం కనిపించడానికి పట్టే టైమ్, అంటే ఎల్‌సీపీ, 2.5 సెకన్లలోపు ఉండాలి. ఫోన్ కొనేముందు బెంచ్‌మార్క్ స్కోర్లు పక్కపక్కన పెట్టి చూస్తాం. మనం తయారుచేసే సైట్ స్కోర్ మాత్రం మనలో ఎంతమంది చూస్తున్నాం?

కోచింగ్ పని వేరు, కంపెనీ పని వేరు

మూసారాంబాగ్ మెట్రో స్టేషన్ నుంచి ఒక్క స్టేషన్ అటు వెళితే దిల్‌సుఖ్‌నగర్. తల ఎత్తితే కోచింగ్ సెంటర్ల బోర్డులే. ఇటు ఎక్కి అమీర్‌పేటలో దిగితే అంతకంటే ఎక్కువ. 1990ల చివర్లో వైటూకే పుణ్యమా అని మెయిన్‌ఫ్రేమ్, కోబాల్ కోర్సులు నడిచాయి. తర్వాత జావా, డాట్‌నెట్, టెస్టింగ్. ఇప్పుడు ఫుల్ స్టాక్, ఏఐ. వాటిని ఎగతాళి చేయడం నాకు ఇష్టం ఉండదు. ఊళ్లనుంచి వచ్చి హాస్టల్లో ఉంటూ అక్కడ నేర్చుకుని ఉద్యోగం తెచ్చుకున్నవాళ్లు నా ఫ్రెండ్స్‌లోనే చాలామంది ఉన్నారు.

కానీ ఆ కోర్సు లక్ష్యం ఇంటర్వ్యూ దాటించడం. లాంగ్వేజ్ నేర్పుతారు, ఒక డెమో ప్రాజెక్ట్ చేయిస్తారు. పదిమంది ఒకే కోడ్ మీద పనిచేస్తే వచ్చే గొడవలు, ఐదేళ్ల పాత కోడ్‌లో బగ్ వెతకడం, లైవ్ సైట్ ఆగిపోతే ముందు ఏం చూడాలి అన్నవి క్లాస్‌రూమ్‌లో నేర్పడం కష్టం. నా బీటెక్ నాలుగేళ్లలో ల్యాబ్ రికార్డులు కుప్పలుగా రాశాను కానీ, ఒక్కసారి కూడా గిట్ వాడలేదు. ఆ మిగిలిన సగం నేర్పాల్సింది కంపెనీ. కంపెనీ ఏమో "కోర్సు చేసే వచ్చారుగా" అనుకుంటుంది.

ఒక్క కమాండ్ తెలియక

ఈ ఆర్టికల్ రాయడానికి అసలు కారణం ఇంకోటి ఉంది. నేను ఇంతకుముందు పనిచేసిన చోట ఒక అమ్మాయి ఫ్రెషర్‌గా చేరింది. మూడో నెలలో తన బ్రాంచ్‌ని రీబేస్ చేసింది. పుష్ వెళ్లకపోతే ఇంటర్నెట్‌లో చూసి ఫోర్స్ పుష్ చేసింది. అదే బ్రాంచ్‌లో పనిచేస్తున్న ఇంకొకతని రెండు రోజుల పని సర్వర్ నుంచి పోయింది. అతను కంగారులో తన ల్యాప్‌టాప్‌ని కూడా సర్వర్‌తో సమానంగా హార్డ్ రీసెట్ చేశాడు. ఇక అక్కడా కనిపించలేదు.

మీటింగ్ రూమ్‌లో అందరి ముందూ "బేసిక్ గిట్ కూడా రాకపోతే ఎలా?" అన్నారు. ఆ రెండు రోజుల పని మళ్లీ చేశారు. ఆ అమ్మాయి ప్రొబేషన్ మూడు నెలలు పొడిగించారు. అది పూర్తి కాకముందే తను మానేసింది.

కొన్ని వారాల తర్వాత నేను వేరే పని మీద గిట్ రీఫ్లాగ్ గురించి చదివాను. మన కాపీలో బ్రాంచ్ ఎప్పుడు ఎక్కడ ఉందో గిట్ రాసిపెట్టుకుంటుంది. కమిట్ చేసిన పని బ్రాంచ్‌లో కనిపించకుండా పోయినా, మామూలు సెట్టింగ్స్‌లో కనీసం 30 రోజులు వెనక్కి తెచ్చుకోవచ్చు. అంటే ఆ రెండు రోజుల పని అతని ల్యాప్‌టాప్‌లోనే భద్రంగా ఉంది. రెండు నిమిషాల్లో వచ్చేసేది. ఫోర్స్ విత్ లీజ్ అనే ఆప్షన్ వాడి ఉంటే, సర్వర్‌లో వేరేవాళ్ల కొత్త కమిట్లు ఉన్నాయని ఆ పుష్ చాలావరకు అక్కడే ఆగిపోయేది కూడా. ఆ రూమ్‌లో ఎనిమిదేళ్ల అనుభవం ఉన్నవాళ్లు ఉన్నారు. ఒక్కరికీ తట్టలేదు. నాకూ తెలియదు. బేసిక్స్ రానిది ఆ అమ్మాయి ఒక్కదానికేనా?

దీనికి పూర్తి భిన్నంగా జరిగిన సంఘటన ఒకటి చెప్తాను. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్‌లో ఒక ఇంజనీర్ పొరపాటున వేరే సర్వర్ అనుకుని మెయిన్ డేటాబేస్ ఫోల్డర్ డిలీట్ చేశారు. తీరా చూస్తే బ్యాకప్‌లు సరిగ్గా పనిచేయట్లేదు. వెర్షన్ తేడా వల్ల రోజువారీ బ్యాకప్ ఫెయిల్ అవుతోంది, ఆ సంగతి చెప్పాల్సిన మెయిల్స్ ఎవరికీ చేరట్లేదు. అదృష్టవశాత్తూ దాదాపు ఆరు గంటల ముందు తీసిన ఒక కాపీ దొరికింది. మధ్యలోని డేటా పోయింది. కంపెనీ రికవరీ పనిని యూట్యూబ్‌లో లైవ్ చూపించింది. తర్వాత ప్రాసెస్‌లో లోపాలేంటో బహిరంగంగా రాసింది. బ్యాకప్ టూల్ ఉండటం ఒకటి, దాన్ని వాడి డేటా వెనక్కి తెచ్చి చూడటం ఇంకొకటి అని ఆ రోజు ప్రపంచం మొత్తానికి తెలిసింది.

ఏఐ ఉందిగా, ఇంకా ట్రైనింగ్ ఎందుకు?

ఈ ప్రశ్న మీకు ఇప్పటికే వచ్చి ఉంటుంది. నేను కూడా రోజూ ఏఐ వాడతాను, మానేయమని చెప్పను. కానీ 2025 జులైలో మెటర్ అనే పరిశోధనా సంస్థ ఒక స్టడీ బయటపెట్టింది. అనుభవం ఉన్న 16 మంది ఓపెన్ సోర్స్ డెవలపర్లు తమకు బాగా తెలిసిన ప్రాజెక్టుల్లో 246 పనులు చేశారు. ఏఐ టూల్స్ వాడొచ్చు అన్న పనులకు 19 శాతం ఎక్కువ టైమ్ పట్టింది. అంతా అయ్యాక అడిగితే, 20 శాతం టైమ్ మిగిలిందని వాళ్లు చెప్పారు!

ఇది అందరికీ, అన్ని టూల్స్‌కీ వర్తిస్తుందని ఆ సంస్థ కూడా అనలేదు. టూల్స్ అప్పటినుంచి చాలా మారాయి. నేను తీసుకున్న పాఠం ఒకటే. టూల్ వల్ల స్పీడ్ పెరిగిందన్న ఫీలింగ్‌ని నమ్మొద్దు, కొలిచి చూడాలి. ఏఐ ఇచ్చిన కోడ్ అమ్మ ఫోన్‌లో నడుస్తుందా లేదా చెక్ చేయడానికి మళ్లీ అదే పర్ఫార్మెన్స్ ప్యానెల్ చదవడం రావాలి.

నేర్పాల్సిన పద్ధతి

చాలా ఆఫీసుల్లో ట్రైనింగ్ అంటే ఏంటో మీకు తెలుసు. రెండు రోజులు ఆన్‌లైన్ సెషన్, కెమెరాలు ఆఫ్, స్లైడ్ మీద స్లైడ్. లేదా వీడియోలు 2ఎక్స్ స్పీడ్‌లో పెట్టి పక్కన వేరే పని చేసుకోవడం. చివర్లో క్విజ్, సర్టిఫికెట్, లింక్డ్‌ఇన్ పోస్ట్. వారం తర్వాత ఏమీ గుర్తుండదు. నేను చూసినంతలో పనిచేసే పద్ధతి ఇది.

• వారానికి ఒక్క గంట, అది కూడా ఆఫీస్ టైమ్‌లో. 40 గంటల వారంలో అది 2.5 శాతం. "వీకెండ్‌లో నేర్చుకోండి" అంటే నేర్పే ఉద్దేశం లేదని అర్థం.

• డెమో ప్రాజెక్ట్ వద్దు, సొంత కోడ్ మీదే నేర్పాలి. పోయిన నెల వచ్చిన బగ్‌నే తీసుకుని గిట్ బైసెక్ట్‌తో వెతికించండి. వెయ్యి కమిట్లలో బగ్ ఎక్కడ మొదలైందో దాదాపు 10 చెక్‌లలో దొరుకుతుంది. సొంత బగ్ అలా దొరికితే ఆ కమాండ్ జన్మలో మర్చిపోరు.

• కావాలని చెడగొట్టి బాగుచేయించాలి. టెస్ట్ రిపోలో ఫోర్స్ పుష్ చేయండి, టెస్ట్ డేటాబేస్ డిలీట్ చేయండి, వెనక్కి తెమ్మనండి. నిజంగా జరిగిన రోజు చేతులు వణకవు.

• టీమ్‌కి ఒక చవక ఫోన్ ఉండాలి. డెవ్‌టూల్స్‌లో సీపీయూ, నెట్‌వర్క్ స్పీడ్ తగ్గించి చూడొచ్చు కానీ అది అంచనా మాత్రమే. అసలు ఫోన్ వేడెక్కుతుంది, ర్యామ్ నిండుతుంది. పాత ఫోన్ ఎక్స్‌ఛేంజ్‌లో ఇచ్చేముందు ఒకసారి ఆలోచించండి.

• సీనియర్లు కూడా కూర్చోవాలి. తెలియదని ఒప్పుకునే సీనియర్ ఒక్కరుంటే జూనియర్లు ధైర్యంగా అడుగుతారు.

"ఇంత నేర్పిస్తే వేరే కంపెనీకి వెళ్లిపోతారు" అని మేనేజర్లు అంటారు. నిజమే, కొందరు వెళ్తారు. అందుకే కొన్ని చోట్ల రెండేళ్ల బాండ్ రాయించుకుంటారు. బాండ్ మనిషిని కుర్చీలో కూర్చోబెడుతుంది అంతే, పని నేర్పదు. నేర్పకపోయినా వెళ్లేవాళ్లు వెళ్తూనే ఉన్నారు. ఆ అమ్మాయి వెళ్లిపోయింది నేర్పినందుకు కాదు కదా.

ఇప్పుడు నేను పనిచేసే చోట ప్రతి గురువారం సాయంత్రం నాలుగింటికి ఆ గంట నడుస్తోంది. పెద్దగా ఏమీ ఉండదు, ఎనిమిది మందిమి, ఒక ప్రొజెక్టర్, డ్రాయర్‌లో రెండు పాత ఆండ్రాయిడ్ ఫోన్లు. అందులో ఒకటి అమ్మది, కొత్తది కొనిచ్చి తెచ్చుకున్నాను. మొదటి వారం ఎవరు ఏం చెప్తారని అడిగితే నేనే చెయ్యెత్తాను. టాపిక్: గిట్ రీఫ్లాగ్.