చిట్టీ దొరికింది, సరుకేది?

సిమెంటు కొట్లో డబ్బు కడితే ఓనరు చిట్టీ రాసిస్తాడు. బస్తాలు మాత్రం ఊరి చివర గోడౌన్‌లో తీసుకోవాలి. గోడౌన్‌కి దారి తెలియక వెనక్కొచ్చి, ‘మీ సిమెంటు గడ్డకట్టింది’ అని కొట్లో గొడవపడితే? హడూప్‌లో ఫైల్ ఓపెన్ కానప్పుడు మా సాఫ్ట్‌వేర్ వాళ్లు పడే గొడవ అచ్చం ఇలాగే ఉంటుంది.

హడూప్‌లోని హెచ్‌డీఎఫ్‌ఎస్ మామూలుగా పెద్ద ఫైల్‌ని 128 ఎంబీ ముక్కలు చేసి, ఒక్కో ముక్కకి 3 కాపీలు వేర్వేరు మెషీన్లలో దాస్తుంది. ముక్కల్ని దాచేవి డేటానోడ్లు. ఏది ఎక్కడుందో లెక్క చూసేది నేమ్‌నోడ్. హెచ్‌టీటీపీలో ఫైల్ కావాలని అడిగితే నేమ్‌నోడ్ ఫైల్ ఇవ్వదు. 307 అనే కోడ్‌తో, ‘ఫలానా డేటానోడ్ దగ్గరికెళ్లు’ అని అడ్రసు ఇస్తుంది. అదే చిట్టీ. ఫైళ్ల పేర్లు చెప్పేది నేమ్‌నోడే కాబట్టి, లిస్టు చక్కగా కనిపిస్తుంది. ఫైల్ మాత్రం తెరుచుకోదు.

ఒక రాత్రి మా టీమ్‌లో కొత్తగా చేరిన కుర్రాడు, ‘ఫైల్ కరప్ట్ అయిందన్నా, డిలీట్ చేసి మళ్లీ ఎక్కించేస్తా’ అన్నాడు. చూస్తే, ఆ డేటా పంపిన సిస్టమ్‌లో పాత కాపీ అప్పటికే తీసేశారు. డిలీట్ చేస్తే ఇక అంతే సంగతులు. ఆగమన్నాను. కర్ల్ కమాండ్‌లో రీడైరెక్ట్ వెంట వెళ్లే ‘-ఎల్’ తీసేసి, హెడర్లు చూపించే చిన్న ‘-ఐ’ పెట్టించాను. లొకేషన్ లైన్‌లో ఒక డేటానోడ్ పేరు, 9864 పోర్టు కనిపించాయి. ఆ పేరు క్లస్టర్ లోపలి మెషీన్లకే తెలుసు, అతని ల్యాప్‌టాప్‌కి తెలియదు. ఫైల్ నిక్షేపంలా ఉంది.

మీకూ ఇలాంటిది ఎదురైతే, జవాబు ఎక్కడిదాకా వచ్చిందో ముందు చూడండి. నేమ్‌నోడ్ 404 అంటే ఫైల్ పాత్ సరిచూసుకోండి. 403 అంటే పర్మిషన్ సంగతి చూడండి. 307 వచ్చాక ఆగిపోతే, డేటానోడ్ పేరు మీ మెషీన్‌కి తెలుసా, ఫైర్‌వాల్‌లో ఆ పోర్టు తెరిచుందా అని చూడండి. డేటానోడ్లన్నిటికీ దారి తెరవడం కుదరకపోతే హెచ్‌టీటీపీఎఫ్‌ఎస్ అనే గేట్‌వే ఉంది. అదే గోడౌన్‌కెళ్లి సరుకు తెచ్చి మన చేతికిస్తుంది. ఇంకా ఫైల్ మీదే అనుమానముంటే ఎఫ్‌ఎస్‌సీకే కమాండ్ కొట్టండి, ముక్కలేమైనా పోయాయేమో చెబుతుంది.

ఫైల్ రాకపోవడం వేరు, లేకపోవడం వేరు. ఏదో తేలేదాకా డిలీట్ జోలికి వెళ్లకండి.