కత్తెర మీద నింద

"సూదిలా ఉండమ్మా, కత్తెరలా ఉండకు." రెండేళ్ల కిందట వెంకటాచలంలో, మా అమ్మావాళ్ల వరండాలో, పెద్దమనుషుల్లో ఒకాయన నాకు చెప్పిన ఉపమానమిది. దర్జీ కత్తెరని కాళ్ల దగ్గర పడేస్తాడట, సూదిని టోపీకి గుచ్చుకుంటాడట. ఒకటి విడదీసేది, ఒకటి కలిపేది కాబట్టి. సాహిత్యంలో డాక్టరేట్ చేసినదాన్ని, నాకు నోరు పెగల్లేదు. ముప్ఫై ఏళ్లుగా జాకెట్లు కుడుతున్న మా అమ్మే అడిగింది. "కత్తెర పడకుండా జాకెట్టు ఎట్టా కుట్టేదన్నా?"

జవాబు రాలేదు. కాఫీలు వచ్చాయి.

ఈమధ్య ఒక సదస్సులో అదే ఉపమానం ఇంగ్లీషు వేషంలో ఎదురైంది. 'సెపరేట్', 'రిపేర్' రెండూ లాటిన్ 'పరారె' నుంచే పుట్టాయి కాబట్టి ఎడబాటులోనే అతుకు దాగుందని వక్త అన్నారు. చప్పట్లు. ధాతువు నిజమే (మన పరారీకీ దానికీ చుట్టరికం లేదు లెండి). కానీ 'పరారె' అంటే కలపడం కాదు, సిద్ధం చేయడం. 'సెపరేట్' అంటే మొదట్లో వేరుగా సిద్ధం చేసి పెట్టడం. అమ్మ సుద్దతో గీసి వీపు, చేతులు, ముందుభాగం విడివిడిగా కత్తిరించి పెట్టుకోదూ, అది.

వక్త వదిలేసిన సంగతి ఇంకొకటుంది. ఇంగ్లీషులో 'రిపేర్'లు రెండు. ఒకటి బాగుచేయడం. పాత పుస్తకాల్లో కనిపించే రెండోదానికి ఒకచోటికి వెళ్లడమని అర్థం. దాని మూలం 'రెపట్రియారె', అంటే స్వదేశానికి, తండ్రుల నేలకి తిరిగిపోవడం. వేర్వేరు మాటలు, పలుకు మాత్రం ఒకటైంది. మన పంచాయితీల్లో అర్థాలే ఒకటైపోయాయి. 'కాపురం చక్కబెట్టుకో' అంటే తిరిగి వెళ్లమని. వెళ్లాక ఏం చక్కబడిందో చూడ్డానికి ఏ పెద్దమనిషీ రాడు. పైగా వెళ్లాల్సింది ఆమె తండ్రి నేలకి కూడా కాదు.

చట్టమూ ఇదే పొరపాటు చేసింది. 1955 హిందూ వివాహ చట్టంలో 9వ సెక్షన్ దాంపత్య హక్కుల పునరుద్ధరణ. పక్కనే 10వది, కోర్టు అనుమతితో వేరుగా ఉండటం. 9వది ఇంగ్లండ్ చర్చి కోర్టుల సరుకు. ఇంగ్లండే 1970లో చట్టం చేసి దాన్ని వదిలించుకుంది. 1983లో టి. సరిత కేసులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు న్యాయమూర్తి పి.ఎ. చౌదరి, ఆ సెక్షన్ స్త్రీకి తన శరీరం మీదున్న హక్కుని లాక్కుంటుందని, రాజ్యాంగ విరుద్ధమని కొట్టేశారు. మరుసటేడే, 1984లో, సరోజ్ రాణి కేసులో సుప్రీంకోర్టు దాన్ని మళ్లీ నిలబెట్టింది. ఆ సరోజ్ రాణి ఎవరనుకున్నారు? పునరుద్ధరణ కోరుతూ తనే కోర్టుకెక్కిన భార్య. డిక్రీ వచ్చింది. ఏడాది దాటినా కలిసి లేమంటూ ఆ డిక్రీనే చూపించి భర్త విడాకులు పొందాడు. మరి ఆ సెక్షన్ సూదా, కత్తెరా?

విడిపోవడం మన సంస్కృతిలోనే లేదనే వాళ్లకి ఒక మాట. విడాకులు, తెగదెంపులు, మారుమనువు ఏ లాటిన్ నుంచి వచ్చాయి? ఎన్నో కులాల్లో ఆడవాళ్లు వీటితోనే బతికారు. ఆచారం ప్రకారం తీసుకునే విడాకులని 1955 చట్టం కూడా 29వ సెక్షన్లో గుర్తించింది. 'లేదు' అన్నప్పుడల్లా ఎవరింట్లో లేదో చెప్పాలి. ప్రాచీన తెలుగు అధ్యయన కేంద్రం 2020లో మా వెంకటాచలానికే వచ్చింది. ఈ మాటల చరిత్రనీ అక్కడ ఎవరైనా తవ్వితే బాగుండు.

నాకు ఉపమానాల మీద కోపం లేదు. ఆ మాటకి గ్రీకులో పక్కన ఉంచడమని అర్థం. పాత ఇంగ్లీషులో 'బీస్పెల్', పక్కకథ. మన ఉపమానంలోనూ దగ్గర పెట్టి కొలవడమే ఉంది. కొలవాలంటే రెండు ఉండాలి కదా. ఆ వరండాలో సూదినీ కత్తెరనీ పెట్టారు. ఆ ఇంట్లో నేను గడిపిన మూడేళ్లని మాత్రం పక్కన పెట్టలేదు. ఏం జరిగిందని ఒక్కరూ అడగలేదు.

ఆర్నెల్ల తర్వాత 9వ సెక్షన్ కింద నోటీసు వచ్చింది. ఆ మూడేళ్లనీ తేదీలతో సహా రాసి కౌంటర్ వేశాను. వాయిదా వచ్చే నెల.