గోదా, మైదానము, గంజాయి

మా పట్టణములోని పఠనమందిరమునకు సాయంకాలమున పత్రికలు చదువుటకై వచ్చు యువకులు కొందఱు ఇటీవల మమ్ము మూడు ప్రశ్న లడిగిరి. టెలివిజనులో కనబడు అమెరికా కుస్తీ నిజమా, బూటకమా యనునది మొదటిది. పెద్ద కాలిబంతి జట్లవారు ఆటగాండ్ర నెట్లు ఏరుకొందురు, ఆ యేరికలో తాడిపత్రి పిల్లవానికి చోటు కలదా యనునది రెండవది. గంజాయి విషమని యింటిలో పెద్దలును, విషము కాదు ఓషధియని సెల్లుఫోనులును చెప్పుచుండగా దేనిని నమ్మవలె ననునది మూడవది. అచ్చటనే కూర్చుండియున్న వృద్ధు డొకడు "చదువుకొను పిల్లల కీ గొడవ లేల నాయనా?" యని విసుగుకొనెను. మే మట్లు తలంపము. పెద్దలు నిజము చెప్పని చోట అంగడివాడు తన మాట చెప్పును. కావున మాకు తెలిసినంతవఱకు సూటిగా సమాధానము చెప్పుట మా విధియని యెంచి యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

కుస్తీ మన దేశమునకు క్రొత్తది కాదు. ఊరూర గరిడీలు, తాలింఖానాలు ఉండిన కాలము మిక్కిలి దూరమున లేదు. రాయలసీమ పల్లెలలో పండుగనాడు యువకులు రాతిగుండ్ల నెత్తి తమ బలమును పరీక్షించుకొనుట మన పెద్ద లెఱిగినదే. శ్రీకాకుళపు సీమలోని వీరఘట్టమున పుట్టిన కోడి రామమూర్తి నాయుడుగారు ఎదపై ఏనుగు నెక్కించుకొని, ఉక్కు గొలుసులను త్రెంచి, కలియుగ భీముడని పేరొంది 1942లో స్వర్గస్థులైరి. 1910 సెప్టెంబరు 10వ తేదీని లండను నగరమున గామా పహిల్వాను పోలండు దేశపు మల్లుడగు జ్బిష్కోతో తలపడగా, ఆ మహాకాయుడు రెండున్నర గంటలకు పైగా నేల కఱచుకొని పండుకొని యోటమిని తప్పించుకొనెను. మఱల పోరుటకు నిర్ణయించిన 17వ తేదీని గోదాకే రాలేదు. 1928లో పాటియాలాలో వా రిరువురు తిరిగి తలపడినప్పుడు ఒక నిమిషమైన గడవక మునుపే గామా అతనిని వెల్లకిల పడవైచెను. పరపాలనమున తలవంచియున్న దేశమునకు ఆ వార్త యెంతటి యూరట నిచ్చియుండునో చదువరులే యూహింపగలరు. జాతీయోద్యమ దినములలో వ్యాయామశాలలను స్థాపించుట దేశసేవగా నెంచబడుటకు ఇట్టి యభిమానమే మూలము.

ఇప్పుడు మన పిల్లలు చూచుచున్న అమెరికా కుస్తీ వేఱు. అందు ఎవరు గెలువవలెనో, ఎవ రోడవలెనో ముందుగనే నిర్ణయింపబడియుండును. ఇది మేము వేయు నింద కాదు. 1989లో ఆ వ్యాపారమును నడుపు ప్రధాన సంస్థవారే న్యూజెర్సీ రాష్ట్ర శాసనసభవారి యెదుట తమది వినోద ప్రదర్శనమే గాని పోటీ కాదని యొప్పుకొనిరి. ఒప్పుకొనుటకు కారణము సత్యనిష్ఠ కాదు. పోటీలపై నుండు ప్రభుత్వ తనిఖీని, పన్నును తప్పించుకొనుటయే. 2023 సెప్టెంబరు 8వ తేదీని ఆ సంస్థవారే హైదరాబాదులోని గచ్చిబౌలిలో ప్రదర్శన మీయగా మన తెలుగువా రెందఱో పోయి చూచిరి.

చూచుటలో తప్పేమి? వీథినాటకమున భీముడు దుర్యోధనుని తొడ విఱుగగొట్టినప్పుడు మన మెవ్వరమును వైద్యునికై పరుగెత్తము. అయినను తెల్లవారువఱకు కూర్చుండి చూతుము. ఆ కుస్తీగాండ్ర సాధనయు నిజమే, వారు పడు దెబ్బలును కొంతవఱకు నిజమే. తప్పు రెండు చోట్ల నున్నది. నాటకమని చెప్పక పిల్లలకు చూపుట మొదటిది. తెలియని పిల్లలు ఆ పట్లను పెన్న యిసుకలోను మిద్దెలపైనను అనుకరించి మెడ విఱుగగొట్టుకొను ప్రమాదము కలదు. ఆ కండలు పాలు, నెయ్యి, కసరత్తుల వలననే వచ్చినవని నమ్మించుట రెండవది. కండలు పెంచు మందులను కుస్తీగాండ్రకు చేరవేసినందులకు 1991లో అమెరికాలో ఒక వైద్యుడు దోషిగా నిర్ణయింపబడెను. అట్టి మందుల చేటు గుండెకును కాలేయమునకును తగులును. ఈ రెండు సంగతులును తెలిసిన పిల్లవాడు నిశ్చింతగా చూచి నవ్వుకొనవచ్చును.

ఇక రెండవ ప్రశ్న. ఆటగాండ్ర నేరుకొను డ్రాఫ్టు పద్ధతి పుట్టినది అమెరికాలో. అచ్చటి ఫుట్‌బాలు మన కాలిబంతి కాదు. ఎక్కువగా బంతిని చేతబట్టి పరుగెత్తు ఆట. 1936లో అచ్చటి జట్లవారు ఒక యేర్పాటు చేసికొనిరి. వెనుకటి సంవత్సరమున అడుగున నిలిచిన జట్టు మొదట నేరుకొనవలెను. గెలిచిన జట్టు చివర నేరుకొనవలెను. ధనముగల జట్టే మంచివారి నందఱిని కొనివేయకుండ చూచుట దీని యుద్దేశము. ఉద్దేశము మంచిదే, కాని ఆటగానికి తాను చేరదలచిన జట్టును కోరుకొను స్వాతంత్ర్యము లేదు. ఆ యేట మొట్టమొదట ఏరబడిన బెర్వాంగరు అనునాతడు జీతము కుదురక ఆ వృత్తిలో ఒక్క ఆటయైన ఆడలేదు. మన దేశమున ఇండియన్ సూపర్ లీగువారు 2014, 2015, 2017 సంవత్సరములలో ఈ పద్ధతిని నడపిరి. 2017 జూలైలో అనస్ ఎడతొడిక యను మలయాళీ ఆటగాడు ఒక కోటి పది లక్షల రూపాయలకు మొట్టమొదట ఏరబడెను. పిమ్మట ఆ పద్ధతి మానబడి, జట్లు ఆటగాండ్రతో నేరుగా ఒడంబడికలు చేసికొనుచున్నవి.

తెలుగునేల కాలిబంతికి గొడ్డువోయినది కాదు. హైదరాబాదున ఉపాధ్యాయుడుగా నుండిన సయ్యద్ అబ్దుల్ రహీముగారు భారతజట్టునకు శిక్షకులై 1951లోను 1962లోను ఆసియా క్రీడలలో స్వర్ణపతకములు తెప్పించిరి. 1956లో మెల్బోర్ను ఒలింపిక్సున మన జట్టును నాలుగవ స్థానమున నిలిపిరి. వారి శిక్షణలోని హైదరాబాదు నగర పోలీసు జట్టు 1950 మొదలు 1954 వఱకు వరుసగా అయిదేండ్లు రోవర్సు కప్పును గెలిచెను. సికిందరాబాదు చెంత అమ్ముగూడలో పేదయింట పుట్టిన తులసీదాసు బలరాముని ప్రతిభను గుర్తించి చేరదీసినది రహీముగారే. వేలముపాటతో కాదు, మైదానమున కన్నులార చూచి వా రేరిరి. ఇప్పటి కథ వేఱు. 2019లో పుట్టిన హైదరాబాదు ఫుట్‌బాల్ క్లబ్బు 2022 మార్చిలో ఇండియన్ సూపర్ లీగు విజేతయై, పిమ్మట ధనపు చిక్కులలో పడి, 2025లో పేరు మార్చుకొని ఢిల్లీకి తరలిపోయెను.

కావున మా సమాధాన మిది. ఏరిక యనునది పండిన పంటను కొలుచుట. చేనిలో విత్తు చల్లనివాడు కళ్లమున కొలపాత్ర పట్టుకొని నిలుచుండిన ప్రయోజనమేమి? ఫెర్రరు దంపతులు 1969లో స్థాపించిన ఆర్.డి.టి. సంస్థవారు అనంతపురమున క్రీడాగ్రామమును నిర్మించిరి. అందు కాలిబంతియు హాకీయు టెన్నిసును నేర్చిన పల్లెపిల్ల లెందఱో కలరు. ఏటికి సుమారు 550 మిల్లీమీటర్ల వానతో కాలము గడపు ఈ కఱవు జిల్లాలో అది సాధ్యమైనప్పుడు, సిమెంటు కార్ఖానాలును నాపరాతి వ్యాపారమును గల తాడిపత్రి తన పిల్లలకొక చక్కని మైదానము నీయలేదా?

మే మెఱిగిన యువకు డొకడు కలడు. తండ్రి నాపరాళ్ల పాలిషు కార్ఖానాలో కూలి. పిల్లవాని కాలిలో చుఱుకు కలదని అందఱు ననిరి. అప్పుచేసి పట్టణమునకు పంపగా, ఏరికకు వచ్చిన వందలమందిలో వానికి దొరకినది పది నిమిషముల ఆట. పేరు రాలేదు, ఎందులకు రాలేదో చెప్పినవారు లేరు. తిరిగివచ్చి ఆడుటకు చోటులేక, రైలుకట్ట చెంత కూర్చుండు మిత్రులలో చేరెను. కొన్ని నెలలకు చిన్న గంజాయి పొట్లముతో పట్టుబడెను. పత్రికలో పేరు వేయవలదని ఆ తండ్రి మా యింటికి వచ్చి చేతులు జోడించెను. మేము వేయలేదు. కాని ఆ చేతులు మా కన్నులయెదుట నింకను నున్నవి.

ఆ పిల్లవానికి గంజాయిని గూర్చి రెండే మాటలు తెలియును. ఒక్క పీల్పుతో మనుష్యుడు పిచ్చివాడగునని యింటిలో చెప్పిరి. మిత్రులను చూచి అది నిజము కాదని తెలిసికొనెను. ఒక యబద్ధము బయటపడగానే పెద్దలు చెప్పిన తక్కిన మాటలును అట్టివే యనుకొని, అది నిరపాయమైన ఓషధియను రెండవ మాటను నమ్మెను.

నిజ మీ రెంటి నడుమ నున్నది. 1893లో ఆంగ్ల ప్రభుత్వము నియమించిన గంజాయి విచారణ సంఘము వేయిమందికి పైగా సాక్షులను విచారించి 1894లో నివేదిక యిచ్చెను. మితముగా సేవించువారికి సాధారణముగా పెద్ద కీడు లేదనియు, మితిమీరిన సేవనము దేహమునకును మనస్సునకును చెఱుపనియు అందు వ్రాసిరి. ఆ ప్రభుత్వమునకు గంజాయిపై సుంకము వచ్చుచుండెనని మఱవరాదు. అటుపిమ్మట వైద్యశాస్త్రము తెలిపినది మఱికొంత కలదు. సేవించువారిలో ఇంచుమించు పదిమందిలో నొకడు మానలేని స్థితికి వచ్చును. పదునెనిమిదేండ్లలోపున మొదలిడినవారిలో ఇంచుమించు ఆఱుగురిలో నొకడు. యౌవనమున తఱచుగా త్రాగువారికి మతిభ్రమణ రోగము కలుగు అవకాశము హెచ్చు. వంశమున ఆ రోగమున్నచో మఱింత హెచ్చు. జ్ఞాపకశక్తి మందగించును. ఆ మత్తులో మోటారుసైకిలు నడపుట ప్రాణాపాయము. గంజాయినుండి తీసిన కొన్ని మందులు కొన్నివిధముల మూర్ఛలకును, క్యాన్సరు చికిత్సలోని వాంతులకును పనికివచ్చుట నిజమే; కాని వైద్యుడు కొలిచి యిచ్చు మందు వేఱు, రైలుకట్ట చెంత దొరకు పొట్లము వేఱు. అమెరికాలో దుకాణముల నమ్మకమునకు అనుమతించిన రాష్ట్రములందు సైతము ఇరువదియొక్క యేండ్లు నిండనివానికి వినోదమునకై అమ్మరాదు. ఈ మాట సెల్లుఫోను చెప్పదు.

మఱియొక నిజమును దాచరాదు. 2019లో ప్రకటింపబడిన కేంద్ర ప్రభుత్వపు సర్వేలో, పది మొదలు డెబ్బదియైదేండ్ల వయస్సువారిలో నూటికి 14.6 మంది మద్యమును, 2.8 మంది భంగు, గంజాయి మొదలగువానిని సేవించుచున్నట్లు తేలెను. మద్యపు రాబడిని అనుభవించు ప్రభుత్వము గంజాయిపై ఉపన్యసించునప్పుడు యువకుడు లోలోపల నవ్వుకొనును. ఆ నవ్వునకు మనయొద్ద సమాధానము లేదు. అయినను ఒక విషపు అంగడి తెఱచియున్నదని రెండవదానిని కోరుట వివేకము కాదు.

చట్టమును గూర్చియు యువకు లెఱుగవలెను. 1985 నాటి మాదకద్రవ్య చట్టము ప్రకారము ఒక కిలోగ్రాము వఱకు గంజాయి స్వల్పపరిమాణము. దానికి ఒక యేటి వఱకు కఠిన కారాగారము, లేదా పదివేల రూపాయల వఱకు జరిమానా, లేదా రెండును. ఇరువది కిలోగ్రాములు మించినచో పదేండ్లకు తగ్గని శిక్ష. ఆ చట్టముననే 64ఏ విభాగము కలదు: స్వల్పపరిమాణముతో పట్టుబడిన వ్యసనపరుడు తానై చికిత్సకు ఒప్పుకొన్నచో విచారణ తప్పు వీలు కలదు. ఈ విభాగమును ఎఱిగిన తండ్రు లెందఱు? 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి చెంత పోలీసువారు రెండు లక్షల కిలోగ్రాముల గంజాయిని తగులబెట్టిరి. తగులబెట్టుట అవసరమే, కాని పిల్లవాడు ఖాళీగా కూర్చుండు సాయంకాలము దానివలన తగులబడదు.

2016లో అమెరికా డ్రాఫ్టు మొదలగుటకు కొన్ని నిమిషముల ముందు, టన్సిల్ అను ఆటగాడు గంజాయి త్రాగుచున్న చిత్రము లోకమంతట వెల్లడియయ్యెను. మొదటి కొద్దిమందిలో నుండునని తలంపబడిన యాతడు పదుమూడవవాడుగా నేరబడి కోట్ల రూపాయలు నష్టపోయెను. అయినను పిమ్మట ఆ యాటలో ప్రసిద్ధుడయ్యెను. ఆతనికి ధనవంతమగు జట్టును, న్యాయవాదులును, రెండవ యవకాశమును దొరకెను. పాలిషు కూలివాని కొడుకునకు పదుమూడవ స్థానమను నది లేదు. కావుననే మే మీ విషయమున ఇంత గట్టిగా మాటాడుచున్నాము.

పట్టణప్రముఖుల నొక్కటి కోరుచున్నాము. ఒక మైదానము, అందొక మూల మట్టిగోదాగల తాలింఖానా, సాయంకాలమున దీపములు, జీతమిచ్చి పెట్టిన ఒక వస్తాదు, ఒక కాలిబంతి శిక్షకుడు: ఇవి పురపాలక సంఘమునకును కార్ఖానాల యజమానులకును మోయరాని భారము కాదు. ఏరికలు జరుపువారు ఎవరి నెందులకు ఏరిరో, ఎందులకు విడిచిరో బహిరంగముగా చెప్పవలెను. తొలిసారి స్వల్పపరిమాణముతో పట్టుబడిన పిల్లలను కొట్టక, పోలీసువారు చికిత్సకు పంపవలెను. మా పత్రికయు నిర్దోషి కాదు. సీమాంతర కుస్తీగాని బొమ్మకు చోటిచ్చిన మేము మన యూరి బడిలో జరిగిన కబడ్డీ పోటీకి రెండు పంక్తులైన ఈయలేదు. ఇకమీదట ఆ లోపమును దిద్దుకొందుము.

ఇక ప్రశ్నించిన యువకులకు. ఆ కుస్తీ నాటకము, చూడుడు, నమ్మకుడు. ఆ యేరిక బజారు; పోదలచినచో పొండు, కాని పేరు రానంత మాత్రమున మీ కాలి బలము పోలేదు. గంజాయి ఒక్క పీల్పుతో చంపదు. మీ వయస్సున అది నిరపాయమని చెప్పువాడు మాత్రము మీ మిత్రుడు కాడు. మైదానమునకై పురపాలక సంఘమునకు ఇచ్చు మహజరును పఠనమందిరమున ఉంచినాము. మొదటి సంతకము మాది. తక్కినవి మీరును మీ తండ్రులును చేయవలెను.