లాగేది జీపు, ఆపేది ఎవరు?

పోయిన నెల కమిటీలో పుస్తకాల బండి తీర్మానం అయింది. గ్రూపులో అందరూ చప్పట్ల బొమ్మలు పెట్టినారు, నేను పెట్టలేదు. ఏంటికి పెట్టలేదని ఇద్దరు ముగ్గురు ఫోన్ చేసి అడిగినారు. "పెద్దాయనకి ఈ బండి ఇష్టం లేదంట" అని ఇంకొకరు రాసినారు. అందుకే ఈ జాబు. పొడుగవుతుంది, ఓపికగా చదవండి.

బండి నాకు ఇష్టమే. మన సభ్యుడు ఒకాయన తన ఫోర్ వీల్ డ్రైవ్ జీపు ఇస్తానన్నాడు. దాని వెనక ఒక కారవాన్ తగిలించి, రెండు వేల తెలుగు పుస్తకాలు పెట్టి, హోసూరు నుంచి కృష్ణగిరి, ధర్మపురి, సేలం, నామక్కల్, దిండుగల్లు, మదురై, విరుదునగర్, సాత్తూరు మీదుగా కోవిల్‌పట్టి దాకా పోవాల. తెలుగోళ్ళు ఉండే ఊర్లలో రెండేసి దినాలు నిలిపి పిల్లలకి అక్షరాలు నేర్పాల. ఇంతకన్నా మంచి పని మన సంగం ఈ పదేండ్లలో అనుకోలేదు. నేను తమిళ మీడియంలో చదివినవాణ్ణి. నా అక్షరాలు బడిలో వచ్చినవి కావు, ఉద్యోగంలో చేరినాక కుప్పం పక్క స్టేషన్ బోర్డులు చూసి కూడబలుక్కున్నవి. 2006లో తమిళం తప్పనిసరి చేసే చట్టం వచ్చినాక మన పిల్లలకి ఆ మాత్రం బోర్డు కూడా లేదు. కాబట్టి బండి కావాల. నా కొట్లాటంతా బండి తయారు చేసే తీరు మీద.

కమిటీ చదివిన లెక్క ఇంకోసారి చూడండి. జీపుకి పెద్ద టైర్లు, సస్పెన్షన్ రెండంగుళాలు లేపేది, ముందర వించి, పైన లైట్ల పట్టీ, నీళ్ళలో పోయేదానికి పొడుగు గొట్టం, పక్కల స్టిక్కర్లు. మొత్తం లక్షా ఎనభై వేలు. కారవాన్‌కి రేకుల బాడీ, రాకులు, పక్కన నీడకి గుడ్డ పందిరి. వెనక బంపర్‌కి హిచ్ బాల్ ఒకటి వెల్డింగ్. ఐపాయ. కారవాన్‌కి బ్రేకులు అని ఒక్క వరుస లేదు, ఒక్క రూపాయి లేదు. హోసూరు నుంచి కోవిల్‌పట్టి దాకా ఏ ఏరు దాటాలని ఆ గొట్టం? 44వ నంబరు హైవే మీద ఏ బురదలో దిగబడతామని వించి?

నేను ట్రెయిన్స్ క్లర్కుగా యార్డులో చానా ఏండ్లు వ్యాగన్ నంబర్లు రాసినాను. ప్రతి వ్యాగన్ పక్కన తెల్ల రంగుతో దాని ఖాళీ బరువు, మోసే బరువు రాసుంటారు. ఖాళీ బరువుని టేర్ అంటాము. బాక్స్-ఎన్ వ్యాగన్ ఖాళీగా సుమారు 22న్నర టన్నులు, నిండితే 81.28 టన్నులు, నాలుగు ఇరుసుల్లో ఒక్కోదానికి 20.32. లెక్క ఇట్ల రెండు చుక్కల దాకా పోతుంది. ఇంజన్ ఎంత లాగుతుందని అడిగేది ప్లాట్‌ఫారం మీద నిలబడినవాళ్ళు. యార్డులో మొదట అడిగేది బ్రేక్ పవర్ ఎంత అని. ఆ సర్టిఫికెట్ డ్రైవర్ చేతికి రాకుండా గూడ్సు కదలదు. ఇంకో మాట. గాలి గొట్టం తెగినా, కప్లింగ్ ఊడి బండి రెండు ముక్కలైనా, రెండు ముక్కలకీ బ్రేకు తనంతట తానే పడుతుంది. మహారాష్ట్రలో ఉండే మన సభ్యులకి తెలుసు, భోర్ ఘాట్ ఎక్కేదానికి వెనక బ్యాంకర్ ఇంజన్లు తోస్తాయి, దిగేదానికి ముందు బ్రేకులు పరీక్ష చేస్తారు. ఎక్కేటప్పుడు శక్తి చాలకపోతే బండి నిలిచిపోతుంది, అంతే. దిగేటప్పుడు బ్రేకు చాలకపోతే ఏమవుతుందో రాయాల్సిన పని లేదు.

మన దారిలో కూడా ఒక ఘాట్ ఉండాది. ధర్మపురి దాటి సేలం పక్క దిగే తొప్పూరు కనుమ. బ్రేకులు వేడెక్కి పట్టు తప్పిన లారీలు అక్కడ ఎన్ని బండ్ల మీద పడినాయో ఈ జిల్లాలో పేపరు చదివే ఎవరినైనా అడగండి. వాళ్ళు దినమూ బండి తోలే డ్రైవర్లు. మనం పుస్తకాలు, పంతులమ్మలను పెట్టుకొని పోయేది ఆ దారిలోనే, అదీ దిగే పక్కనే.

ఇప్పుడు మన బండి బరువు చూద్దాం. కారవాన్ ఖాళీగా 700 కిలోలని వర్క్‌షాపు ఆయన నోటి మాట, తూకం వేయలేదు. పుస్తకం ఒకటి 300 గ్రాములు అనుకుంటే రెండు వేలకి 600 కిలోలు. రాకులు 150. నీళ్ళ డ్రమ్ము 200 లీటర్లు, అంటే 200 కిలోలు. జనరేటరు, ఇంకా చిల్లర సామాను 50. మొత్తం 1700. పుస్తకాలు కాగితమే కదా అనుకుంటారు, పార్సెల్ ఆఫీసులో పుస్తకాల పెట్టె ఎత్తినవాణ్ణి అడగండి చెప్తాడు.

ఈ 1700లో సుమారు పదో వంతు, అంటే 170 కిలోలు, కారవాన్ ముక్కు మీద, హిచ్ బాల్ మీద దిగాల. ఇది తక్కువైతే వెనక బరువు జాస్తియై కారవాన్ తోక ఊపుతుంది. మొదట మెల్లగా, తర్వాత జీపునే అటూ ఇటూ విసిరేదాకా. కమిటీ గీయించిన పటంలో పుస్తకాల రాకులు ఎక్కడ ఉండాయి? వెనక తలుపు పక్కన, పిల్లలకి అందుబాటుగా ఉంటుందని. నీళ్ళ డ్రమ్ము ఎక్కడ? దానికీ వెనకే. తోక ఊపేదానికి ఇంతకన్నా మంచి పటం ఎవరూ గీయలేరు. రాకులు ఇరుసు మీదికి, కొంచెం ముందుకి జరపాల. డ్రమ్ము సరిగ్గా ఇరుసు మీద ఉండాల, ఎందుకంటే నీళ్ళు వాడే కొద్దీ బరువు మారుతుంది, ఇరుసు మీద ఉంటే ముక్కు బరువు మారదు. పుస్తకాలు అందుకునేదానికి పక్కన ఒక తలుపు పెట్టండి, వద్దన్నది ఎవరు?

ఆ 170 కిలోలు జీపు మోసే బరువులో కూడా చేరుతుంది. ఈ జీపు మాన్యువల్‌లో ఖాళీ బరువుకీ మొత్తం బరువుకీ తేడా 550 కిలోలు. ఐదుగురు మనుషులు ఒక్కొక్కరు 65 అంటే 325. వాళ్ళ సామాను 60. హిచ్, దాని ఇనుము 30. ముక్కు బరువు 170. మొత్తం 585. అంటే ఒక్క పుస్తకం జీపులో పెట్టకుండానే మీరి పోయింది. వించి, లైట్ల పట్టీ నేను ఇంకా కలపలేదు.

బరువు ఎంత అన్నది ఒకటి, ఎక్కడ పడుతుందన్నది ఇంకొకటి. హిచ్ వెనక ఇరుసుకి 1.2 మీటరు వెనక ఉండాది, ముందు వెనక ఇరుసుల మధ్య 2.8 మీటర్లు. పిల్లలు ఆడే ఏతం పలక మాదిరే లెక్క. వెనక 170 దిగితే వెనక ఇరుసు మీద 243 పడుతుంది, ముందు ఇరుసు మీద నుంచి 73 లేచిపోతుంది. స్టీరింగ్ తిప్పేది ముందు చక్రాలు, బ్రేకు జాస్తిగా పట్టేది ముందు చక్రాలు. వాటినే తేలిక చేస్తా ఉండాము. వెనక కుంగితే స్ప్రింగుల్లో గాలి సంచులు పెడితే సరి అని మన తమ్ముడొకరు రాసినాడు. వెనక లేస్తుంది, కంటికి సమంగా కనిపిస్తుంది, నిజమే. కానీ ముందుకి పోవాల్సిన 73 కిలోలు ముందుకి పోవు. పెద్ద కారవాన్లు లాగే పికప్ బండ్లలో ఇట్ల సంచులు పెట్టి మితిమీరి బరువు వేసి, చాసిస్ వంగిపోయినవి ఆస్ట్రేలియాలో చానా ఉండాయి.

ఆస్ట్రేలియా మాట వచ్చింది కాబట్టి చెప్తాను. మన పిల్లలు గ్రూపులో పెట్టే వీడియోలన్నీ అక్కడివే. ఏరు దాటేది, ఇసకలో ఎగిరేది చూసి టైర్లు, గొట్టం లెక్కలో రాసుకున్నారు. అదే దేశంలో చట్టం ఏమంటుందో ఎవరూ చూడలేదు. అక్కడ ట్రయిలర్ చక్రాల మీద పడే బరువు 750 కిలోలు దాటితే బ్రేకులు ఉండి తీరాల. 2000 దాటితే అన్ని చక్రాలకీ ఉండాల, జీపు లోపల నుంచి నడిపేటట్టు ఉండాల, కప్లింగ్ ఊడితే తనంతట తానే పడి కనీసం 15 నిమిషాలు పట్టి ఉండాల. మన వ్యాగన్ గాలి బ్రేకు చేసే పనే ఇది. లాగే కారవాన్ లోపల మనిషి కూర్చునేది అక్కడ నేరం. ఇక్కడ మన కమిటీలో ఒకాయన "నలుగురు పిల్లలను కారవాన్‌లోనే కూర్చోబెడదాం, ఇంకో బండి ఖర్చు మిగులుతుంది" అన్నాడు. మినిట్స్‌లో ఉండాది. ఆ మాట కొట్టివేసేదాకా నేను ఏ మీటింగులోనూ టీ కూడా తాగను.

"ఫోర్ వీల్ డ్రైవ్ కదా, నాలుగు చక్రాలూ పట్టుకుంటాయి" అని సెక్రటరీ గారు అన్నారు. సెక్రటరీ గారూ, బ్రేకు ప్రతి కారుకీ నాలుగు చక్రాలకీ ఉంటుంది. ఫోర్ వీల్ అంటే ఇంజన్ శక్తి నాలుగిటికీ పోతుందని, అంతే. మన జీపు మాదిరి లివర్ వేసే రకంలో ఎండిన తారు రోడ్డు మీద అది వేయనే కూడదు. ముందు వెనక ఇరుసులు ఒకదానికొకటి కట్టేసినట్టు ఉండి, మలుపులో పోట్లాడుకొని గేర్లు పాడవుతాయి. లో రేంజి పనికొచ్చేది ఒక చోట, పల్లెలో ఎగుడుదిగుడు మట్టిలో కారవాన్‌ని మెల్లగా వెనక్కి తోసి నిలిపేటప్పుడు. దానికి ఉన్న జీపు ఉన్నట్టే చాలు. పెద్ద టైరు వేస్తే అదే బ్రేకు అంత గట్టిగా పట్టదు, గేరు బరువవుతుంది. జీపుని రెండంగుళాలు లేపితే హిచ్ కూడా లేస్తుంది, కారవాన్ ముక్కు ఆకాశం చూస్తుంది. డబ్బు పెట్టి చెడగొట్టుకునేది ఇదే.

"చెరుకు ట్రాక్టర్ ట్రయిలర్‌కి బ్రేకు ఉండాదా?" అని ఇంకొకరు. ట్రాక్టరు పోయేది ఇరవై ఇరవైయైదు వేగంలో. మన వాళ్ళు 80లో పోతామంటారు. 60 నుంచి 80కి పెరిగితే వేగం మూడో వంతే పెరిగినట్టు కనిపిస్తుంది, ఆపాల్సిన శక్తి 1.78 రెట్లు అవుతుంది. దాని మీద 2500 కిలోల జీపు బ్రేకులు 4200 కిలోలని ఆపాల. ఆ ట్రాక్టర్లు కూడా గట్టు మీద నుంచి పల్టీ కొట్టేది మీరూ చూసినారు, నేనూ చూసినాను.

నేను అడిగేవి కష్టమైనవి కావు. కారవాన్ ఇరుసు పాత వ్యాన్‌ది, డ్రమ్ములు దానికి ఉండనే ఉండాయి, లోపల సామాను తీసేసినారు, అంతే. ముందుకి తోసినప్పుడు ముక్కు దగ్గర మాస్టర్ సిలిండర్ నొక్కుకొని పడే బ్రేకు, ఓవర్‌రన్ అంటారు, ఈ బరువుకి సరిపోతుంది. ఆస్ట్రేలియాలో కూడా 2000 కిలోల దాకా ఒప్పుకుంటారు. దాంతో పాటు కప్లింగ్ ఊడితే బ్రేకు లాగే తీగ ఒకటి, కింద అడ్డంగా మార్చి కట్టే రెండు గొలుసులు. హిచ్ బంపర్ మీద కాదు, చాసిస్ పట్టీలకి బోల్టులతో. బంపర్ అనేది అలంకారానికి ఉండే రేకు, 1700 కిలోలని పట్టుకునేది కాదు. కారవాన్ కన్నా వెడల్పు చూపే పక్క అద్దాలు. వెనక లైటు, బ్రేకు లైటు, ఇండికేటరు జీపుతో పాటే వెలగాల. ఈ జీపు మాన్యువల్‌లో ఎంత బరువు లాగవచ్చో రాసుంటే దాని లోపలే ఉండాల. రాయకపోతే కంపెనీకి జాబు రాసి అడగాల, వాళ్ళు ఒప్పుకోకపోతే వేరే బండి చూడాల. అప్పుడు జీపు ఇచ్చిన సభ్యుడికి కోపం వస్తుందని భయపడే పని లేదు. ఆయన నాకు తెలుసు, మంచి మనిషి, నిజం చెప్తే వింటాడు.

కాగితాలు కూడా. 1988 మోటారు వాహనాల చట్టంలో ట్రయిలర్ కూడా మోటారు వాహనమే. వేరే రిజిస్ట్రేషన్ కావాల, ఇన్సూరెన్స్ కావాల. "ఊర్లో ఎవరు అడుగుతారు" అన్నారు. ఏమీ జరగనంత కాలం ఎవరూ అడగరు. జరిగిననాడు ఇన్సూరెన్స్ వాళ్ళు మొదట అడిగేది అదే, అప్పుడు సంగం పేరు మీద ఉండే ఆస్తి అంతా ఆ కేసుకి పోతుంది. కల్యాణ మండపం కట్టేదానికి మన నాయనలు ఎన్ని ఇండ్లు తిరిగినారో మరిచిపోయినారా?

తోలేవాళ్ళకి రెండు మాటలు. కనుమ దిగేటప్పుడు పైనే చిన్న గేరులో వేసుకొని ఇంజన్‌తో పట్టండి, బ్రేకు మీద కాలు పెట్టుకొనే దిగకండి. తోక ఊగితే బ్రేకు గట్టిగా తొక్కకండి, స్టీరింగ్ తిప్పి సరిచేయకండి. యాక్సిలరేటర్ వదిలి, చక్రం నిటారుగా పట్టుకోండి, మెల్లబడుతుంది. మొదటి నెల ఖాళీ రోడ్డులో, పుస్తకాలు లేకుండా, తర్వాత సగం పుస్తకాలతో తోలి చూడండి. వెనక్కి తోసేది నేర్చుకోండి, స్టీరింగ్ ఒక పక్క తిప్పితే కారవాన్ ఇంకో పక్క పోతుంది, అందరికీ మొదట తల తిరుగుతుంది.

వచ్చే ఆదివారం కమిటీలో నేను తీర్మానం పెడతాను. వించి, గొట్టం, లైట్లు, టైర్లు, లేపేది తీసేయాల, ఆ లక్షా ఎనభై వేలలో బ్రేకు, హిచ్, గొలుసులు, అద్దాలు, రిజిస్ట్రేషన్ చేయాల. మిగిలితే ఇంకా పుస్తకాలు కొందాం. అంతకు ముందు శనివారం పొద్దున ఏడు గంటలకి జీపు, ఖాళీ కారవాన్ తీసుకొని బైపాస్ దగ్గర ఉండే వే బ్రిడ్జికి రండి. జీపు వేరే, కారవాన్ వేరే, రెండూ తగిలించి ఒకసారి, ముక్కు బరువు ఒకసారి తూకం వేద్దాం. తూకం చీటీల డబ్బు నేను ఇస్తాను. పటం గీసిన తమ్ముడు కూడా తప్పకుండా రావాల, టేపు తీసుకొని రావాల.