రోకలి ఏ రోజైనా నిలుస్తుంది

2020 జూన్ 21న సూర్యగ్రహణం. గ్రహణవేళలోనే రోకలి నిలుస్తుందంటూ, పళ్లెంలో నిలబెట్టిన వీడియోలు టీవీల్లో, వాట్సాప్‌లో పోటెత్తాయి. గ్రహణం విడిచాక అదే రోకలి నిలుస్తుందో లేదో చూపిన చానెల్ కోసం మాత్రం దీపం పట్టుకుని వెతకాలి!

రోకలి కొనకు తొడిగిన పొన్ను అడుగు చదునుగా ఉండి, గరిమనాభి నుంచి దించిన నిలువు గీత ఆ అడుగు దాటకపోతే చాలు, రోకలి నిలుస్తుంది. తిథితో పనిలేదు. సైన్స్ ప్రచార సంస్థ జనవిజ్ఞాన వేదిక కార్యకర్తలు మామూలు రోజుల్లోనే నిలబెట్టి చూపించారు. గంట ఉపన్యాసం కంటే అదే మేలు.

2027 ఆగస్టు 2 సాయంత్రం మనకు పాక్షిక సూర్యగ్రహణం. చిలుకూరు, కోదాడ బడుల్లో ముందే పిల్లలచేత రోకలి నిలబెట్టించండి. ఆరోజు అట్టముక్కకు సూదిబెజ్జం పెట్టి, గోడమీద పడే సూర్యబింబాన్ని చూపించండి. నేరుగా సూర్యుణ్ణి మాత్రం చూడనివ్వకండి.