సీటు లెదర్ బతుకుతుంది, దాని కింద ఉన్నవాటి సంగతి చూడండి

ఫోన్ తడిస్తే బియ్యం డబ్బాలో పెట్టొద్దని 2024లో యాపిల్ తన సపోర్ట్ పేజీలోనే రాసింది. ఈ సైట్ చదివేవాళ్లకి అది అంతకుముందే తెలుసు. బియ్యం లోపలి తడిని లాగేది ఏమీ ఉండదు, పైగా తవుడు పోర్టులో ఇరుక్కుంటుంది. ఫోన్ విషయంలో ఇంత క్లారిటీ ఉన్న మనమే, కారు లెదర్ సీటు తడిస్తే మాత్రం హెయిర్ డ్రయ్యర్ పట్టుకుంటాం. తర్వాత డిటైలింగ్ షాప్‌కి వెళ్లి లెదర్ రిస్టోరేషన్ ప్యాకేజీ తీసుకుంటాం. సీటు మెరుస్తుంది, ఫొటో స్టేటస్‌లో పెట్టేస్తాం. నా దృష్టిలో ఇది కూడా బియ్యం డబ్బా వైద్యమే. కాస్త ఖరీదైన బియ్యం, అంతే.

గ్యాడ్జెట్ల సైట్‌లో సీట్ల గోల ఏంటి అనొచ్చు. ఇవాళ్టి సీటు కూడా గ్యాడ్జెటే కదా. వెంటిలేటెడ్ సీటైతే లోపల ఫ్యాన్ ఉంటుంది. పవర్ సీటైతే మోటార్లు ఉంటాయి. చాలా కార్లలో సైడ్ ఎయిర్‌బ్యాగ్ ముందు సీటు వీపులోనే కూర్చుంటుంది. 2019 జూలై నుంచి డ్రైవర్‌కి, పక్క సీటుకి బెల్ట్ రిమైండర్ తప్పనిసరి అయింది కాబట్టి, పక్క సీట్లో మనిషి కూర్చున్నాడో లేదో చెప్పే సెన్సర్ కూడా అక్కడే ఉంటుంది. వీటన్నిటి వైర్లూ సీటు కింద, కార్పెట్ దగ్గర, అంటే నీళ్లు ముందు చేరే చోటే కలుస్తాయి.

మా బొల్లారంలో సీటు తడవడానికి వరదే రానక్కర్లేదు. కంటోన్మెంట్ రోడ్ల పక్కన పెద్ద పెద్ద పాత చెట్లు. నీడ బాగుందని కార్లన్నీ వాటి కిందే. సన్‌రూఫ్ చుట్టూ చిన్న కాలువలాంటిది ఉంటుంది. అందులో పడ్డ వాన నీళ్లు మూలల్లో ఉన్న సన్నటి గొట్టాల గుండా కిందికి పోవాలి. వేపాకులు, పూత, దుమ్ము కలిసి ఆ గొట్టాన్ని మూసేస్తే నీళ్లు లోపలికి దారి చూసుకుంటాయి. పొద్దున్నే డోర్ తీస్తే సీటు తడి. సన్‌రూఫ్ మూసే ఉంది కదా అని ఓనర్ తల గోక్కుంటాడు. ఇది కాస్త నయమైన కేసు, ఎందుకంటే అవి వాన నీళ్లు. 2020 అక్టోబర్‌లో హైదరాబాద్ సెల్లార్లలో, 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగినప్పుడు విజయవాడ సింగ్ నగర్‌లో కార్లను ముంచినవి డ్రైనేజీ, బురద కలిసిన నీళ్లు. ఈ రెండు కేసులకీ ఒకే ప్యాకేజీ అమ్మే షాపుని నేను నమ్మను.

ముందు ఒక చేదు నిజం. మన రేంజ్ కార్లలో ఎక్కువ శాతం సీట్లు అసలు లెదరే కాదు, లెదరెట్. అంటే గుడ్డ మీద వేసిన పీవీసీ లేదా పీయూ పొర. బ్రోచర్‌లో చిన్న అక్షరాల్లో ఉంటుంది, చదవండి. దానికి లెదర్ కండిషనర్ రాయడం అంటే ఫోన్ బ్యాక్ కవర్‌కి కొబ్బరి నూనె రాయడమే. తుడిచి ఆరబెడితే చాలు.

అసలు లెదరైతే కథ వేరు. తోలు అంటే సన్నటి కొలాజెన్ పోగుల అల్లిక. ఆ పోగులు ఒకదాని మీద ఒకటి జారుతూ మెత్తగా ఉండటానికి టానరీలోనే నూనెలు పట్టిస్తారు. బాగా నానితే ఆ నూనెలు కొంత పోతాయి, స్థానం మారతాయి. అప్పుడు వేడిగాలి పెట్టి గబగబా ఆరబెడితే పోగులు ఒకదానికొకటి అతుక్కుని సీటు అప్పడంలా బిగుసుకుంటుంది, కుట్ల దగ్గర లాక్కుపోతుంది. మే నెల ఎండలో పెట్టినా అదే జరుగుతుంది. నీడలో, ఫ్యాన్ గాలికి, నిదానంగా ఆరాలి. ఇంకా కాస్త తడి ఉండగానే చేత్తో అటూ ఇటూ వంచుతూ ఉంటే మెత్తదనం నిలుస్తుంది. కండిషనర్ ఆరాకే. మామూలు సబ్బు క్షార గుణం ఉన్నది, తోలుది ఆమ్ల గుణం. అందుకే లెదర్ కోసమే చేసిన క్లీనర్ వాడాలి. ఇంత ఓపిక ఉంటే లెదర్ చాలావరకు బతుకుతుంది. నిజానికి సీటులో అన్నిటికన్నా మొండి ప్రాణం దానిదే.

అసలు సమస్య ఫోమ్. కార్ లెదర్ పైన సన్నటి కోటింగ్ ఉంటుంది, అందుకే పైనుంచి నీళ్లు అంత ఈజీగా దిగవు. కుట్ల గుండా, వెంటిలేటెడ్ సీట్లకు పెట్టిన చిల్లుల గుండా, అడుగు నుంచి దిగుతాయి. ఎండాకాలం చల్లగా ఉంటుందని అదనంగా డబ్బు పోసి కొన్న చిల్లులే వానాకాలం దారులు అవుతాయన్నమాట. లోపల మందపాటి స్పాంజ్. పైన లెదర్ మూత, కింద ట్రే, గాలి ఆడదు. తడి అలా ఒకటి రెండు రోజులు ఉంటే చాలు, బూజు మొదలవుతుంది.

మా ఫ్రెండ్ కారు విషయంలో ఇదే జరిగింది. సెల్లార్‌లో సీటు సగం దాకా నీళ్లు. షాప్ వాళ్లు స్టీమ్ కొట్టి, పాలిష్ చేసి, సెంట్ కొట్టి రెండు రోజుల్లో ఇచ్చేశారు. చూడ్డానికి షోరూమ్ పీస్. పది రోజులకి ఏసీ వేయగానే తడి గోనెసంచి వాసన. ఆ తర్వాత సీట్లు కుట్టే ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లాం. ఆయన అడుగున ఉన్న రింగులు కత్తిరించి లెదర్ తొడుగు వొలిచేసరికి, ఫోమ్ అడుగు భాగం నల్లగా ఉంది. చేత్తో నొక్కితే ఇంకా నీళ్లు కారాయి. "పైన ఎంత తుడిస్తే ఏం లాభం బాబూ, పరుపు కింద కదా పాడైంది" అన్నాడాయన. ఫోమ్ కొత్తది కోయించి వేశాడు. లెదర్ పాతదే, శుభ్రం చేసి మళ్లీ తొడిగాడు. ఇప్పటికీ బాగానే ఉంది.

కాబట్టి నా వాదన ఒక్కటే: సీటు బయటికి తీసి, తొడుగు విప్పకుండా చేసేదాన్ని రిస్టోరేషన్ అనకూడదు, పాలిష్ అనాలి. ధర కూడా పాలిష్ ధరే ఉండాలి.

దీనికి షాపులవాళ్లు చెప్పే సమాధానం: సీటు తీస్తే ఎయిర్‌బ్యాగ్ లైట్ వస్తుంది, రిస్క్. అందులో నిజం ఉంది. సీటు కింద పసుపు రంగు కనెక్టర్ కనిపిస్తే అది సాధారణంగా ఎయిర్‌బ్యాగ్‌దే. బ్యాటరీ తీసి, ఆ మోడల్ సర్వీస్ మాన్యువల్ చెప్పినంత సేపు ఆగాకే దాన్ని ముట్టుకోవాలి. అది ఊడదీసి ఉండగా ఇగ్నిషన్ ఆన్ చేస్తే లైట్ వెలుగుతుంది, స్కానర్‌తో తీయించుకోవాల్సి వస్తుంది. యూట్యూబ్ చూసి ఇంట్లో చేసే పని కాదు ఇది, తెలిసినవాళ్లే చేయాలి. కానీ రిస్క్ ఉందని విప్పకపోతే, తడిసిన కనెక్టర్ అలాగే తుప్పు పడుతుంది. రెండు నెలలకి అదే లైట్ తనంతట తానే వెలుగుతుంది. మామూలు కనెక్టర్ పిన్నులకు మనం ఫోన్ బోర్డుకి వాడే ఐసోప్రొపైల్ ఆల్కహాలే పనిచేస్తుంది (లెదర్ మీద మాత్రం పడనీయకండి, రంగు లేస్తుంది). ఎయిర్‌బ్యాగ్ మాడ్యూలే మునిగి ఉంటే రిపేర్ మాట ఎత్తొద్దు. మార్చడమే.

ఇన్సూరెన్స్ ఉందిగా అంటారు. థర్డ్ పార్టీ మాత్రమే ఉంటే వరద నష్టానికి రూపాయి రాదు. కాంప్రెహెన్సివ్ ఉన్నా, జీరో డిప్రిసియేషన్ లేకపోతే ఎయిర్‌బ్యాగ్ విలువలో సగం కోస్తారు. రిపేర్ ఖర్చు ఐడీవీలో 75 శాతం దాటితే కారుని టోటల్ లాస్ కింద లెక్క కడతారు. ఆ కార్లన్నీ తుక్కుకే పోతాయని అనుకోవద్దు. కొన్ని వేలంలో అమ్ముడై, సీట్లు మెరిపించుకుని, మొదటి జీతంతో సెకండ్ హ్యాండ్ కారు వెతుక్కునే మనలాంటివాళ్ల ముందుకే వస్తాయి. అందుకే ఈ పాలిష్ మీద నాకు ఇంత కోపం. అది సీటుని బాగు చేయదు, సాక్ష్యాన్ని తుడిచేస్తుంది.

కొనేముందు లెదర్ మెరుపు చూడకండి. సీటుని పూర్తిగా వెనక్కి జరిపి ఫోన్ టార్చ్‌తో రైల్స్, బోల్టులు చూడండి. పైన కొత్తగా ఉండి కింద తుప్పు ఉంటే అనుమానించండి. బోల్టు తలల మీద కొత్త గీతలుంటే సీటు ఎందుకు తీశారో అడగండి. బెల్టుని చివరి దాకా లాగి చూడండి, సాధారణంగా బయటికి రాని ఆ చివర్లో బురద గీత దాక్కుంటుంది. సీటు మీద తెల్ల టిష్యూ పెట్టి మోకాలితో గట్టిగా నొక్కండి. తర్వాత అద్దాలు ఎక్కించి, ఏసీ ఆపి, పది నిమిషాలు లోపల ఊరికే కూర్చోండి. వాసన అబద్ధం చెప్పదు. అమ్మేవాడు ఆ పది నిమిషాలూ అద్దాలు దించమని గొడవ చేస్తున్నాడంటే మీకు కావాల్సిన జవాబు దొరికినట్టే.

రివ్యూలు చేసే మా వర్గానికి కూడా ఒక మాట. 2022 డిసెంబర్‌లో కేంద్రం పెట్టిన రైట్ టు రిపేర్ పోర్టల్‌లో మొబైల్స్‌తో పాటు ఆటోమొబైల్ రంగం కూడా ఉంది. ఫోన్ బ్యాటరీ ఎంత జిగురు పెట్టి అతికించారో అరగంట మాట్లాడతాం. ఇరవై లక్షల కారు రివ్యూలో సీటు ఫోమ్ విడిగా దొరుకుతుందా, లేక మొత్తం సీటే కొనాలా అని ఎవరూ అడగరు. వచ్చే రివ్యూలో నేను అడుగుతాను. సన్‌రూఫ్ డ్రెయిన్ గొట్టం ఎక్కడుందో, దాన్ని ఎలా శుభ్రం చేయాలో కూడా.